‘న’ సొరుగు

హాజరు పట్టీలో తప్ప ఆమె పేరు ఆ ఆఫీసులో ఇంకెక్కడా కనిపించేది కాదు. పెద్ద ఎడిటరు దగ్గర్నుంచి మెట్లు తుడిచే మనిషి దాకా అందరికీ ఆమె చీటీలక్క. ఫోనెత్తినా “చీటీలక్కను మాట్లాడుతున్నాను” అనేది. అటువైపు వాళ్లు ఒక్క క్షణం తడబడి, తర్వాత వాళ్లూ అలాగే పిలిచేవాళ్లు.

ముప్పై మూడేళ్ల క్రితం, ఇరవై నాలుగేళ్ల వయసులో, రాత బాగుందని ఆమెను ఉద్యోగంలోకి తీసుకున్నారు. చదువు స్కూలుతో ఆగింది. రాత మాత్రం వాన వెలిసిన వాకిలిలా ఉండేది. అది నిఘంటువు కార్యాలయం. పారశీకం ఇతర భాషలకు ఇచ్చిన మాటలు, ఇతర భాషల నుంచి పుచ్చుకున్న మాటలు, వీటన్నిటికీ ఒక నిఘంటువు తయారవుతోంది. పండితులు పుస్తకాలు చదివి ఒక్కో మాట గురించి తోచినంత గీకి పంపేవాళ్లు. ఆ గీతల్ని అరచేతి వెడల్పు చీటీల మీదికి శుభ్రంగా ఎక్కించి, అక్షర క్రమంలో సొరుగుల్లో పెట్టడం ఆమె పని. మాట ఎక్కడ పుట్టింది, ఎవరింట్లో తలదాచుకుంది, ఏ రేవులో దిగింది, దారిలో ఏం పోగొట్టుకుంది, ఇప్పుడు ఎవరి నోట్లో కాపురముంటోంది. చీటీకి ఒక ప్రయాణం.

రెండో అంతస్తులో పొడుగాటి గది. ఒక గోడ పొడవునా చెక్క బీరువా, దానికి అరవై నాలుగు సొరుగులు. ఎదురుగా మూడు కిటికీలు. పొద్దున పదింటికి ఎండ అచ్చుల మీద పడేది. మధ్యాహ్నానికి హల్లుల్లోకి జరిగేది. సాయంత్రం ‘హ’ దగ్గర ఆరిపోయేది. ఆమెకు గడియారం అక్కర్లేదు. “ఎండ ‘ప’ మీదికొచ్చింది, టీ పెట్టండి” అనేది.

రాస్తూ రాస్తూ ఆ ప్రయాణాలన్నీ ఆమెకు బంధువుల కబుర్లలా అయిపోయాయి. ఇంటికెళ్లి భర్తకు చెప్పేది. రుమాలు అంటే ముఖం తుడిచేదని ఒకరోజు చెబితే, సిటీ బస్సు నడిపే ఆయన, గ్రీజు చేతుల్ని రుమాలుకు తుడుచుకుంటూ, “మరి ఇప్పుడు దీన్నేమనాలోయ్, మీ వాళ్లను అడిగి రా” అన్నాడు.

అన్ని సొరుగుల్లోకీ ఆమెకు ‘న’ అంటే ఎక్కువ ప్రేమ. అందులో నారింజ ఉండేది. దక్షిణాన సువాసనకు సంబంధించిన ఏదో పాత మాటలోంచి పుట్టి ఉండొచ్చని కొందరు పండితులంటారు. సంస్కృతంలో నారంగం అయింది. పారశీకులు నారంగ్ అన్నారు, అరబ్బులు నారంజ్ అన్నారు. ఓడలెక్కి పడమటికి పోయింది. ఆ దేశాల్లో ఎక్కడో మొదటి ‘న’ జారిపోయింది. ఇంగ్లీషు దాకా వెళ్లేసరికి ఆరెంజ్. ఆ ఆరెంజే గాజుగ్లాసులో కూర్చుని మళ్లీ మన నోటికి వచ్చింది. “మనింటి పిల్లే, జుట్టు కత్తిరించుకుని వచ్చింది. అందుకే ఎవరూ గుర్తుపట్టలేదు” అనేది చీటీలక్క. దాని వెనకే నౌకరు. మంగోలుల దగ్గర ఆ మాటకు తోడు, సహచరుడు అని అర్థం. పారశీకంలో కొలువుకు కుదిరాక నౌకరైంది. ఆ చీటీ తీసినప్పుడల్లా ఆమె వేళ్లు కొంచెం నెమ్మదించేవి.

పెద్ద ఎడిటరు పెట్టిన నియమాలు రెండుండేవి. మొదటిది, చీటీలన్నీ ఒకే మనిషి ఒకే మధ్యాహ్నం కూర్చుని రాసినట్టుండాలి. అందుకే కొత్తగా ఎవరు చేరినా చీటీలక్క వాళ్లకు తన రాత నేర్పేది. ఆర్నెల్లు దిద్దాక ఎవరి చీటీ ఎవరిదో దూరం నుంచి తెలిసేది కాదు. దగ్గరగా చూస్తే మటుకు ఆమెకు తెలిసిపోయేది. నేర్చుకున్న రాతలో ఎక్కడో తొందర దాగి ఉంటుంది.

రెండోది బదులు చీటీ. చీటీ గానీ సొరుగు గానీ బయటికి తీస్తే ఆ ఖాళీలో గులాబీ రంగు చీటీ ఒకటి పెట్టాలి. ఏం తీశారో, ఏ రోజు తీశారో రాయాలి. పేరు రాయక్కర్లేదు. “రాత చూస్తే తెలియదా ఎవరో” అనేవాడు పెద్ద ఎడిటరు. మొదటి నియమం రెండో నియమాన్ని లోపల్లోపల తినేస్తోందని ముప్పై మూడేళ్లలో ఎవరికీ తట్టలేదు. అంత ప్రశాంతంగా ఉండేది ఆ గది.

కింది అంతస్తులో బైండింగు గది. అక్కడి మనిషిని చీటీలక్క బాబాయి అనేది, మిగతావాళ్లు బైండరుగారు అనేవాళ్లు. ఆయన పనిలో చేరినప్పుడు హాజరు పట్టీలో నల్లటి వేలిముద్ర వేసేవాడు. చేరిన రెండో నెలలో ఒకరోజు, సిరా బొటనవేలిని గోడకు తుడవబోతున్నవాణ్ని ఆపి ఆమె పాత గుడ్డ ఇచ్చింది.

“బాబాయ్, నువ్వేసే ఈ నిశానీ ఉంది చూశావూ, ఆ మాట కూడా వాళ్లదే. పారశీకం.”

“అలాగా. అయితే వాళ్లది వాళ్లకిచ్చేస్తాను. నాకు నాలుగు అక్షరాలు నేర్పు.”

ఎగతాళికి అన్నాడో నిజంగా అన్నాడో ఆయనకే తెలియదు. ఆమె మర్నాడే ఒక పలక తెచ్చింది. టీ వేళల్లో, తప్పులు పోయిన చీటీల వెనకవైపు, జిగురు అంటిన వేళ్లతో ముప్పై ఆరేళ్ల మనిషి అక్షరాలు దిద్దాడు. పదకొండు నెలలు పట్టింది. అప్పట్నుంచి ఆమెను పంతులమ్మా అనేవాడు. చదవడం బాగా వచ్చింది గానీ రాయాల్సిన అవసరం ఆయనకు పెద్దగా రాలేదు. పుస్తకాల వీపు మీద అంకెలు, హాజరులో సంతకం, అంతే.

పుస్తకమన్న మాటే తోలు అనే పాత ఇరాను మాటలోంచి వచ్చి ఉండొచ్చని ఆమె చెప్పిన రోజు ఆయన మేడంతా తిరిగాడు. “విన్నారా, ముందు నా అట్ట. మీరు లోపల రాసేదంతా తర్వాత.”

టీ దగ్గర వాళ్లకో ఆట ఉండేది. కప్పు ఖాళీ అయ్యేదాకా పరాయి మాట ఒక్కటి కూడా పలక్కుండా మాట్లాడాలి. పలికినవాళ్లు కప్పులు కడగాలి. కుర్చీ అనకూడదు, కాగితం అనకూడదు, ఖర్చు అనకూడదు. చీటీలక్క ఎప్పుడూ ఓడేది కాదు. బైండరు ఎప్పుడూ గెలిచేవాడు కాదు. ఆయన నాలుక మీద ‘బందోబస్తు’ అనే మాటొకటి కాపలా కూర్చుని ఉండేది. కట్ట కట్టినా, తలుపు వేసినా, కూతురి కాపురం గురించి చెప్పినా, అంతా బందోబస్తుగా ఉందనేవాడు. “కట్టడం, బిగించడం అని దానర్థం బాబాయ్, నీ పని పేరే అది” అని ఆమె అంటే, “మరి నా పని పేరు నేను చెప్పుకుంటే కప్పులు కడిగిస్తారేం” అని కడగడానికి లేచేవాడు.

మొన్న వానల్లో ఆయన మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రి నుంచి అటే కూతురింటికి తీసుకెళ్లారు. కింది గదికి తాళం పడింది. టీ ఆట కూడా ఆగింది. ఓడేవాళ్లు లేకపోతే గెలవడంలో రుచి లేదు.

అక్టోబరులో ఒక సోమవారం ఎండ ఇంకా అచ్చుల మీదే ఉంది. కొత్త ఎడిటరు బీరువా దగ్గర నిలబడి ఉంది. పెద్ద ఎడిటరు తప్పుకున్నాక వచ్చిన నలభై ఏళ్ల మనిషి, మెత్తగా మాట్లాడుతుంది. మూడో సంపుటం ‘ధ’తో ముగిసింది. వానల నుంచీ అందరూ దాని అచ్చు పనిలోనే ఉన్నారు, ‘న’ సొరుగు లాగాల్సిన పని ఎవరికీ పడలేదు. నాలుగోది ‘న’తో మొదలవుతుంది. అచ్చాఫీసు వాళ్లు పది రోజులే గడువిచ్చారు.

“అక్కా, ‘న’ ఎక్కడుంది?”

“దాని చోట్లోనే.”

“చోటుంది. ‘న’ లేదు.”

చీటీలక్క నవ్వుతూనే లేచింది. సొరుగు లాగింది. అది తేలిగ్గా, ఆటబొమ్మలా ముందుకొచ్చింది. లోపల ఒక్క చీటీ కూడా లేదు. అడుగున గులాబీ రంగు బదులు చీటీ ఒకటి పడుంది. అది అసలు సొరుగు కూడా కాదు, మూల పడేసిన పాత సొరుగుల్లో ఒకటి. చీటీ మీద ఇలా ఉంది: ‘సొరుగు తీశాను. అంతా బందోబస్తుగా ఉంది. జూలై 13.’

“ఓహ్, మీరే తీశారా అక్కా” అంది పక్కనుంచి పొడుగమ్మాయి. చీటీలు రాసే ఇద్దరమ్మాయిల్లో కొంచెం వాగుడుకాయ.

చీటీలక్క చీటీని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. తిరగేసి చూసింది. అమ్మాయిల రాత కాదు. ఆ తొందర లేదు. ప్రతి మలుపూ తనదే. అక్షరానికీ అక్షరానికీ మధ్య వదిలిన గాలి కూడా తనదే. తను ఆ సొరుగు తీయలేదని నోటిదాకా వచ్చింది. చేతిలో ఉన్న సాక్ష్యం దాన్ని లోపలికి నెట్టేసింది.

“గుర్తు రావడం లేదు” అంది.

ఆ మూడు మాటల తర్వాత గది ఇదివరకటి గదిలా లేదు.

పదకొండు వందల నలభై చీటీలు. వాటికి నకలు లేదు. రాసి పంపిన పండితుల్లో సగం మంది లేరు. సాయంత్రం దాకా వెతికారు. బీరువాల వెనక, అటక మీద, పాత పత్రికల గుట్టల్లో. బైండింగు గది తాళం తీసి అక్కడి అరలన్నీ దులిపారు. మూల నిలబడ్డ ఇనుప ఒత్తుడు యంత్రం మీద గుడ్డ కప్పి ఉంది. దాన్ని అందరూ ఏనుగు అంటారు. దాని పక్కనుంచే నాలుగుసార్లు తిరిగారు.

ఇంటికెళ్లే ముందు కొత్త ఎడిటరు ఆమెను పక్కకు పిలిచింది.

“నాలుగు రోజులు సెలవు తీసుకోండి అక్కా. అలసిపోయారు. ఒకసారి డాక్టరుకు కూడా చూపించుకుంటే…” అని మిగతాది గాల్లో వదిలేసింది.

గట్టిగా తిట్టినా బాగుండునని చీటీలక్క బస్సులో కూర్చుని అనుకుంది. ఆమెకిప్పుడు యాభై ఏడు. వాళ్లమ్మ యాభై ఎనిమిదో ఏట ఇంటి తాళంచెవులు చక్కెర డబ్బాలో పెట్టింది. ఆ రోజు ఇంటిల్లిపాదీ నవ్వారు. మూడేళ్లు తిరక్కుండా కన్నకూతుర్ని గుమ్మంలో చూసి, “ఎవరమ్మా నువ్వు, ఎండన పడొచ్చావు, కూర్చో” అంది. ఆ మర్యాద చీటీలక్కను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వదు. సొరుగు పోతే నిఘంటువుకు నష్టం. తను తీసి మరిచిపోతే, ఆ నష్టం పేరు వేరు.

ఇంటికి రాగానే మంచం కింద వెతికింది. ట్రంకు పెట్టె తెరిచింది. చివరికి వంటింట్లో చక్కెర డబ్బా మూత తీసింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న భర్త, ఉద్యోగ విరమణ అయినా బస్సు నడిపే మనిషి భుజాలే ఉన్న ఆయన, నెమ్మదిగా అడిగాడు.

“పదకొండు వందల చీటీలు అందులో పడతాయా?”

“అమ్మ ఇలాగే మొదలెట్టింది.”

ఆయన దగ్గరికి వచ్చాడు. మూత ఆమె చేతిలోంచి తీసుకుని డబ్బాకు బిగించాడు.

“సరే, చెప్పు. మన పెళ్లిలో నేనేసుకున్న చొక్కా రంగేంటి?”

“నీలం. మీ అన్నయ్యది. బిగుతై చెయ్యెత్తలేకపోయారు.”

“నీకేం కాలేదు.”

“పాతవన్నీ ఉంటాయండీ. అమ్మకీ ఉండేవి. నాకు జూలై పదమూడు లేదు.”

“జూలై పదమూడు నాకూ లేదు. నేనూ డాక్టరు దగ్గరికి రానా?”

ఆమె నవ్వింది గానీ ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగింది.

మర్నాడు పొద్దున, భర్త మొక్కలకు నీళ్లు పోస్తుంటే, ఆమె బల్ల దగ్గర కూర్చుని రాజీనామా రాయడం మొదలెట్టింది. తీసేయించుకునే దాకా ఉండటం ఎందుకు, మతి ఉన్నప్పుడే దణ్ణం పెట్టి రావడం మంచిదనుకుంది. గులాబీ చీటీని కూడా వెంట తెచ్చుకుంది. దాన్ని పక్కనే పెట్టుకుని రాస్తూ రెంటినీ పోల్చి చూసుకుంది. ఒకే చేయి. అనుమానం లేదు. ముప్పై మూడేళ్లు ఆ చేత్తోనే రాసింది, ఇప్పుడు ఆ చేయే తనకు అడ్డంగా సాక్ష్యం చెబుతోంది.

చివరి వాక్యానికి వచ్చింది. ‘నా దగ్గరున్న తాళాలన్నీ భద్రంగా అప్పగిస్తున్నాను’ అని రాసి కలం ఎత్తింది. చూపు పక్కకు జరిగి గులాబీ చీటీ మీద పడింది. అంతా బందోబస్తుగా ఉంది.

భద్రంగా. బందోబస్తుగా.

నిన్నటి నుంచి ఆ చీటీని యాభైసార్లు చూసింది. అక్షరాలనే చూసింది. ఎవరి చేయి, ఏ మలుపు, ఎంత సిరా, అదే ఆమె వృత్తి. దాన్ని ఒక్కసారి కూడా చదవలేదు. రాత తనదే. మాట తనది కాదు. తను ఆ మాట ఎప్పుడూ అనదు, చచ్చినా అనదు, ముప్పై ఏళ్లు కప్పులు కడక్కుండా తప్పించుకున్నది ఊరికేనా.

“ఏమండీ” అని పిలిచింది. “నేనెప్పుడైనా బందోబస్తు అనగా విన్నారా?”

ఆయన నీళ్ల డబ్బాతోనే లోపలికి వచ్చాడు. “లేదే. నువ్వు భద్రం అంటావు. బస్సు ఎక్కేటప్పుడు రోజూ అదేగా నీ దీవెన. ఎందుకు?”

“చెప్పులేసుకోండి.”

రెండు బస్సులు మారి, పెయింటు డబ్బాల దుకాణం పక్క సందులో, రెండో వాటాకు చేరేసరికి పదకొండైంది. బైండరు కూతురు తలుపు తీసి, “అక్కా, నువ్వా, ఒక్క ఫోనన్నా చెయ్యకుండా” అంటూ చేయి పట్టుకుంది. లోపల కిటికీ దగ్గర కుర్చీలో ఆయన కూర్చుని ఉన్నాడు. పక్కన చేతికర్ర. ఒళ్లో మనవరాలి స్కూలు పుస్తకం. అట్ట ఊడిందట, కుడుతున్నాడు.

“పంతులమ్మా. ఇన్నాళ్లకు గుర్తొచ్చానా.”

చీటీలక్క సంచిలోంచి గులాబీ చీటీ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. అక్షరాల కింద వేలు జరుపుతూ మొత్తం పైకి చదివాడు, జూలై పదమూడుతో సహా. ముఖం వెలిగింది.

“బాగానే రాశాను కదా.”

ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. కళ్లలోంచి నీళ్లు వాటంతటవే దిగుతున్నాయి. మూడు నెలలు మూసి ఉన్న గదిలో కిటికీ తీసినట్టు ఊపిరి లోపలికి వచ్చింది.

“ఎందుకేడుస్తున్నావు? తప్పులున్నాయా?” అన్నాడు ఆయన, నిజంగానే కంగారుపడి.

“లేవు బాబాయ్. ఒక్కటీ లేదు.”

“మరి?”

“పేరెందుకు రాయలేదు?”

“పేరు రాయొద్దని మీ నియమమేగా. రాత చూస్తే తెలుస్తుందన్నారు. నా రాత నీకు తెలీదా, నువ్వు పెట్టించిన రాతే.”

“నీ రాతా నా రాతా ఒకటే బాబాయ్. నేనే రాశాననుకున్నాను.”

ఆయన చీటీని మళ్లీ కళ్లకు దగ్గరగా పట్టుకుని చూశాడు. ఆ సంగతి ఆయనకు కొత్తగా ఉన్నట్టుంది.

“ఒకటే ఉంటుంది మరి. నాకు వేరే రాత ఎక్కడిది?” అన్నాడు.

ఆమెకు అప్పుడు అర్థమైంది. అమ్మాయిలు వచ్చేటప్పటికి వాళ్ల రాతలు వాళ్లకున్నాయి. వాటి మీద తనది పరుచుకున్నారు. అందుకే అంచుల దగ్గర వాళ్లది కనిపించేది. ఈయన ఖాళీ చేతులతో వచ్చాడు. తనది తీసుకుని అదే సొంతం చేసుకున్నాడు. తన రాత ఎవరెవరి దగ్గరుందో లెక్కపెట్టినప్పుడు బైండరు గుర్తుకే రాలేదు. ఆయన అంకెలు వేసేవాడు, అంతే అనుకుంది.

“సొరుగు ఏదీ?” అని ఆమె భర్త అడిగాడు. ఈ కన్నీళ్ల మధ్య అసలు సంగతి గుర్తున్నది ఆయనకొక్కడికే.

“ఏనుగు నోట్లో.”

జూలై పదమూడు, ఆ సోమవారం అందరికన్నా ముందు ఆయనే వచ్చాడట. ఆదివారమంతా వాన. పై గది పైకప్పు సరిగ్గా ‘న’ సొరుగు మీదే చుక్కలు రాల్చింది. చీటీలు తడిసి మురిగిన ఆకుల్లా వంకర్లు పోతున్నాయి. సిరా ఇంకా కరగలేదు. చీటీలక్క చూస్తే అన్నం మానేస్తుందని ఆయనకు తెలుసు. దాని చోట్లో పాత ఖాళీ సొరుగొకటి, అందులో బదులు చీటీ పెట్టి, తడిసిన సొరుగు కిందికి దించి, చీటీకీ చీటీకీ మధ్య అద్దుడు కాగితం పెట్టి, వరస తప్పకుండా వంద వందగా దారం కట్టి, ఒత్తుడు యంత్రం పలకల మధ్య ఎక్కించి చక్రం బిగించాడు. ఖాళీ అయిన సొరుగును దాని కాళ్ల సందున తోసి గుడ్డ కప్పాడు. ఆరాక చెప్పొచ్చులే అనుకున్నాడు. గురువారం మెట్లు జారాడు.

“ఆసుపత్రికి రెండుసార్లొచ్చాను కదా బాబాయ్. అప్పుడన్నా చెప్పొచ్చుగా.”

“చీటీ రాశాను కదా. రాసినదాన్ని మళ్లీ నోటితో ఎందుకు చెప్పడం? అక్షరాలు నేర్పినప్పుడు నువ్వే అన్నావు, రాసిపెడితే చాలు, మనిషి లేకపోయినా మాట ఉంటుందని. నేను నా జన్మలో ఎవరికైనా రాసిన మొదటి ఉత్తరం అది. నువ్వు చూసే ఉంటావు, ముచ్చటపడి ఉంటావు, అప్పుడే చెబితే నేను పొగడమన్నట్టుంటుందని నేనూ అడగలేదు.”

కూతురు నోటి మీద చెయ్యి పెట్టుకుంది. “నాన్నా, నీ ముచ్చట చల్లగుండ. అక్క ఎంత భయపడిందో చూశావా.”

“భయమెందుకు? బందోబస్తుగా ఉందని రాశాను కూడా.”

చక్రం ఎలా తిప్పాలో ఆయన ఆమె చేతులు పట్టుకుని గాల్లో చూపించాడు. ఎడమ పక్కకు. తొందరపడొద్దు. కాస్త మూలిగితే ఆగి, మళ్లీ తిప్పాలి. ఏనుగుకు కోపమొస్తే ఎవరి మాటా వినదు.

ఆ మధ్యాహ్నం ఎండ ‘మ’ మీద ఉండగా అందరూ కిందికి దిగారు. కొత్త ఎడిటరు గుడ్డ తీసింది. చీటీలక్క ఒక పక్క, భర్త ఒక పక్క చక్రం పట్టుకున్నారు. అది కదల్లేదు. “నా బస్సే నయం” అన్నాడాయన పళ్లు బిగించి. మూడోసారి అది ఒక్క మూలుగు మూలిగి ఒప్పుకుంది. పలక పైకి లేచింది. దాని కింద, జిగురు వాసనల్లో, పన్నెండు కట్టలు. దారం ముడులు ఒకేలా ఉన్నాయి. చీటీలు చలవచేసిన బట్టల్లా ఉన్నాయి.

పొడుగమ్మాయి లెక్కపెట్టింది. పదకొండు వందల నలభై. ఆ అంకె విన్నాక కొత్త ఎడిటరు గోడకానుకుని కళ్లు మూసుకుంది. తర్వాత చీటీలక్క వైపు తిరిగింది.

“నిన్న నేనన్న మాట అనకుండా ఉండాల్సింది అక్కా.”

“అన్నది మంచికే మేడమ్. నేను ఇంకా ఘోరంగా అనుకున్నాను నన్ను.”

చీటీలక్క నారింజను వెతికి తీసింది. ఒక మూల నీటి మరక ఎండి, సన్నని గోధుమరంగు అంచు కట్టింది. మిగతాదంతా చెక్కుచెదరలేదు. “ఓడ ప్రయాణం చేసిన మాట. ఆ మాత్రం తడవదా” అని మళ్లీ దాని చోట్లో పెట్టింది. పక్కనే నౌకరు ఉంది. ఆమె దాన్ని కూడా ఒకసారి పైకి తీసి, తోడు అని తను ఎప్పుడో రాసిన అర్థాన్ని చూసుకుని, నెమ్మదిగా లోపలికి జార్చింది.

నిఘంటువు వాళ్లకు ఒక పద్ధతుంది. మాటకు అర్థం రాస్తే చాలదు. ఎవరో ఒకరు ఆ మాటను నిజంగా వాడిన వాక్యం కూడా చూపించాలి, ఎక్కడ దొరికిందో రాయాలి. మర్నాడు పొద్దున చీటీలక్క ‘బ’ సొరుగు లాగి, బందోబస్తు చీటీల వెనక ఆ గులాబీ చీటీని చేర్చింది. దొరికిన చోటు అన్న గళ్లో ఒక్క నిమిషం ఆలోచించి రాసింది: ‘బైండరుగారు, స్వదస్తూరితో.’ దస్తూరిలో ఉన్నది కూడా వాళ్ల చెయ్యే, దస్త్. దాని ముందు మన ‘స్వ’ చేరి ఎన్నేళ్లయిందో. ఇక్కడ రాత ఎవరిదన్న ప్రశ్నే లేదు. అది ఆయనదే.

రాజీనామా కాగితం సంచిలో మడతలు పడి ఉంది. దాని వెనకవైపు ఖాళీ. ఆ ఆఫీసులో ఖాళీ కాగితాన్ని ఎవరూ పారెయ్యరు. ఆమె దాన్ని కత్తెరతో నాలుగు చీటీలుగా కత్తిరించింది. మొదటి దాని మీద కొత్త నియమం రాసి బీరువాకు అంటించింది: ‘బదులు చీటీ మీద ఇకనుంచి పేరు కూడా రాయాలి.’

కాసేపు దాన్నే చూసి, కింద తన పేరు రాసింది. చీటీలక్క అని కాదు, హాజరు పట్టీలో ఉన్న పేరు. పొడుగమ్మాయి వచ్చి చదివి, “ఇదెవరక్కా?” అంది.

ఎండ ‘ప’ మీదికి వచ్చేసరికి ఫోను మోగింది. బైండరు.

“పంతులమ్మా, అన్నీ ఉన్నాయా?”

ఆమె చేతిలో టీ కప్పు ఇంకా సగం నిండుగానే ఉంది. చుట్టూ అమ్మాయిలు, కొత్త ఎడిటరు ఆట మళ్లీ మొదలెట్టి, ఒక్కో మాటా తడుముకుంటూ మాట్లాడుతున్నారు. చీటీలక్క కిటికీలోంచి వీధివైపు చూసింది. గుండెలో బరువన్నది ఎక్కడా లేదు.

“బందోబస్తుగా ఉన్నాయి బాబాయ్” అంది.

వెనకాల అమ్మాయిలిద్దరూ ఒక్కసారి గొల్లుమన్నారు. ముప్పై మూడేళ్లలో మొదటిసారి చీటీలక్క కప్పులు కడగడానికి లేచింది.